సంచిలో 1,700 గ్రాముల సామాను, పదిహేను నంబరు స్పానర్ మాత్రం లేదు

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం తెల్లవారుజామున తిరుపతి నుంచి తలకోనకు బయలుదేరిన ఒక గేరు సైకిల్ సాయంత్రానికి లగేజీ ఆటోలో తిరిగొచ్చింది. మర్నాడు మా వర్క్‌షాప్ బల్ల మీదికి సైకిల్‌తో పాటు దాని సీటు కింద సంచి కూడా చేరింది. సైకిల్ రిపేరు గంటన్నర పని. అసలు కేసు సంచిది. అందులో ఉన్నవన్నీ కొత్తవే, ఖరీదైనవే. ఆ రోజు దారిలో మూడుసార్లు సంచి విప్పితే మూడుసార్లూ కావలసింది దొరకలేదు.

బండి, దారి

అల్యూమినియం ఫ్రేమ్ హైబ్రిడ్, 700×35సి టైర్లు (35 మిల్లీమీటర్ల వెడల్పువి), 3×7 గేర్లు (ముందు మూడు, వెనక ఏడు పళ్ల చక్రాలు), వి-బ్రేకులు. ముందు చక్రానికి క్విక్ రిలీజ్, వెనక చక్రానికి మామూలు నట్లు. ఈ తరహా బండ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కొనేవాళ్లు ముందు చక్రం చూసి వెనకది కూడా చేత్తోనే ఊడొస్తుందనుకుంటారు. ట్యూబులకు ష్రాడర్ వాల్వ్, అంటే మోటారు సైకిల్‌కుండే లావు మూతి. నడిపే ఆయన బరువు 74 కిలోలు. వారానికోసారి చంద్రగిరి కోట దాకా వెళ్లొచ్చే అలవాటుంది, ఇంత దూరం ఇదే మొదలు.

దారి తెలిసిందే. చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కి, నెరబైలు వైపు తిరిగి తలకోన. పోనూ రానూ నూరు కిలోమీటర్లు దాటుతుంది. వెళ్లేటప్పుడు ఘాట్ ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. సంచి కట్టుకునేటప్పుడు ఈ దారిని మూడు ముక్కలుగా చూడాలి. రంగంపేట దాకా ఏది చెడినా ఎవరో ఒకరు దొరుకుతారు. ఘాట్‌లో ఎవరూ ఉండరు, లారీలు బస్సులు మాత్రం ఆగకుండా పోతుంటాయి. నెరబైలు దాటి అడవిలోకి వెళ్లాక పంచర్ షాపు మీద ఆశ పెట్టుకోకూడదు.

సంచిలో ఏముంది

తూకం వేస్తే సంచితో కలిపి సుమారు 1,700 గ్రాములు. మల్టీటూల్ (మడిచే కీల కట్ట) ఒకటి, చెయిన్ బ్రేకర్, అంటే చెయిన్ పిన్ను తోసే టూల్, లేని రకం. డబుల్ ఎండ్ స్పానర్లు నాలుగు, 6-7 నుంచి 12-13 దాకా. ఆరు స్క్రూ డ్రైవర్ల డబ్బా. కటింగ్ ప్లయర్. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా. 700×18-25 కొలత ట్యూబు ఒకటి, ప్రెస్టా వాల్వ్‌ది, అంటే సన్నటి మూతిది. సొల్యూషన్ అక్కర్లేని అంటుడు ప్యాచ్‌లు ఆరు. చిన్న పంపు. గేరు కేబుల్ ఒకటి. పది స్పీడ్ చెయిన్‌కు (వెనక పది పళ్ల చక్రాలుండే బండిది) వేసే క్విక్ లింక్ ఒక జత, అంటే తెగిన చెయిన్ చివరలను కలిపే లింకు. ‘అన్ని సైకిళ్లకూ సరిపోతుంది’ అని రాసి ఉన్న డిరైలర్ హ్యాంగర్, అంటే వెనక పళ్ల మీద చెయిన్‌ను జరిపే డిరైలర్‌ను ఫ్రేముకు తగిలించే ముక్క.

విడిగా చూస్తే ఒక్కదాన్నీ తప్పు పట్టలేం. ఆ బండి పక్కన పెట్టి చూస్తే మాత్రం సగానికి సగం వేరే బండివి. ఆ ట్యూబు సన్నటి రోడ్ సైకిల్ టైరుకి, ఆ లింకు పది స్పీడ్ చెయిన్‌కి. హ్యాంగర్ సంగతి సరేసరి. అన్నిటికీ సరిపోయే హ్యాంగర్ అంటూ లోకంలో లేదు, ఫ్రేమును బట్టి దాని ఆకారం మారుతుంది. పైగా ఈ బండికి విడి హ్యాంగరే లేదు. డిరైలర్ తన కొక్కెంతోనే ఇరుసు దగ్గర బిగించి ఉంది. స్పానర్ల సెట్టు 13 దగ్గర ఆగిపోయింది, వెనక చక్రం నట్టు 15.

ఏం జరిగింది

మొదటి దెబ్బ ఘాట్‌లో. నిలబడి తొక్కుతూ ముందు పళ్ల చక్రం గేరు మార్చగానే చెయిన్ లింకు ఒకటి పక్క పలక విడిపోయింది. క్విక్ లింక్ తీసి పెడితే పట్టలేదు. ఏడు స్పీడ్ చెయిన్ బయటి వెడల్పు 7 మిల్లీమీటర్ల పైన, పది స్పీడ్‌ది దాదాపు 6. అంటే ఆ లింకు పిన్నుల పొడవు చాలదు, అవతలి పలకను అందుకోలేవు. సైకిల్ తోసుకుంటూ ఘాట్ ఎక్కి భాకరాపేట చేరాక, అక్కడ సైకిల్ షాపాయన చెడిన లింకు ఊడగొట్టి, కింద నట్టు ఆనించి, పిన్నును సుత్తితో దించి చెయిన్ కలిపాడు. గేర్లు లేని పాతకాలపు పెద్ద సైకిళ్లకు ఆయన రోజూ చేసే పనే. గేరు చెయిన్‌కు ఆ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. కొట్టిన చోట లింకు బిగుసుకుపోయి, చెయిన్ పూర్తిగా చుట్టు తిరిగిన ప్రతిసారీ పళ్ల మీద టక్కుమని ఎగురుతుంది. అక్కడ చెయిన్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు నాలుగైదుసార్లు మెల్లగా వంచితే వదులవుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి టక్కుటక్కుమంటూనే ముందుకు సాగింది.

రెండో దెబ్బ నెరబైలు దాటాక. వెనక టైరు గాలి దిగింది. చక్రం ఊడదీయడానికి స్పానర్ లేదు. ప్లయర్‌తో పట్టి తిప్పితే నట్టు మూలలు అరిగాయి. ఇక్కడ ఆయనకు మంచి ఆలోచనే వచ్చింది. పల్లెటూరి షాపుల్లో చేసినట్టు, చక్రం బండికే ఉంచి ఒక పక్క టైరు అంచు ఎత్తి ట్యూబు బయటికి లాగాడు. బొక్క కనిపెట్టి అంటుడు ప్యాచ్ వేశాడు. పది నిమిషాలకు మళ్లీ గాలి దిగింది. ఇంకో ప్యాచ్, మళ్లీ అదే. చివరికి అరిగిన నట్టునే ఎలాగో విప్పి ప్రెస్టా ట్యూబు ఎక్కించాడు. అప్పుడు తెలిసింది, పంపు మూతి ష్రాడర్‌కు మాత్రమే పనికొస్తుందని.

తోసుకుంటూ వెనక్కి నెరబైలు వచ్చాడు. షాపు పెద్దాయన వాల్వ్ చూసి తల అడ్డంగా ఊపాడు. “మా పంపు పట్టదు సామీ ఈ మూతికి. ఇది యాడ కొన్న్యావో ఆడికే పోవాల.”

“పాత సైకిల్ ట్యూబు ఏదన్నా ఎక్కిస్తే కాదా అన్నా?”

“గేరు సైకిల్‌కి మా ట్యూబు యాడ పడుతుంది?”

ఆటో మాట్లాడుకోవడం తప్ప దారి లేకపోయింది.

ఈ కేసులో అన్నిటికంటే ఆలోచించాల్సింది షాపు పెద్దాయన అన్న ఆ చివరి మాటే. ఎందుకంటే ఆ ట్యూబు పడుతుంది. పెద్ద సైకిల్ 28×1½ టైరు రిమ్ కొలత 635 మిల్లీమీటర్లు, 700సి రిమ్ 622. ట్యూబుకు ఆ 13 మిల్లీమీటర్ల తేడా లెక్కలోది కాదు. ఈ రెండు కొలతలకూ ఒకే ట్యూబు అమ్మే కంపెనీలున్నాయి. పెద్ద సైకిల్ ట్యూబుకుండే పాత వాల్ ట్యూబ్ రకం వాల్వ్ కాడ కూడా ష్రాడర్ కోసం వేసిన బొక్కలో బాగానే దిగుతుంది, షాపు పంపు దానికే చేసింది. టైరు మాత్రం మార్చకూడదు. 635 టైరు 622 రిమ్ మీద వదులై ఊడిపోతుంది. అది కూడా దొరక్కపోతే 26 అంగుళాల ట్యూబును కాస్త సాగదీసి ఎక్కించి ఇల్లు చేరవచ్చు. షాపు గోడకు వేలాడుతున్న ట్యూబుతో ఆ రోజు రైడ్ పూర్తయ్యేది.

బల్ల మీద

చెయిన్‌ను ముందు కొలిచాం. స్టీలు స్కేలు మీద పిన్ను నుంచి పిన్నుకు 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. 1/16 అంగుళం సాగితే చెయిన్ మార్చాలి. 1/8 దాకా సాగనిస్తే వెనక పళ్ల చక్రం కూడా మార్చాల్సి వస్తుంది. ఇక్కడ సాగుడు 1/16కి కాస్త లోపే. అంటే అరుగుదల వల్ల తెగింది కాదు. విడిపోయిన పలక పక్క పిన్ను తల మీద నొక్కిన గుర్తుంది. కడగడానికో ఎందుకో ఇంతకుముందు ఎవరో చెయిన్ విప్పి, పాత పిన్నునే తిరిగి తోసి కలిపారు. పలకకు సమంగా రాకుండా ఒక వైపు లోపలే ఉండిపోయింది. చదును రోడ్డు మీద ఏళ్లు గడిచినా బయటపడని లోపం, ఎక్కుడులో బరువేసి గేరు మార్చిన క్షణాన బయటపడింది.

ట్యూబు దగ్గర కాసేపు ఆగాలి. మొదటి బొక్క పల్లేరు కాయది. వర్షాలు వెనకబడి సంక్రాంతి నాటికి చేల గట్ల మీద, రోడ్డు అంచున పల్లేరు ఎండి రాలుతుంది. టైరుకు గుచ్చుకున్న కాయ ఊడిపోయినా ముల్లు కొన టైరు లోపల విరిగి ఉండిపోతుంది. బయట నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఈ టైరులో లోపలి వైపు నుంచి దూది తిప్పితే ఒకచోట పోగు తగులుకుంది, అక్కడ మిల్లీమీటరున్నర కొన. పది నిమిషాలకోసారి గాలి దిగడానికి కారణం అదే. సర్కారు తుమ్మ ముల్లూ ఇదే పని చేస్తుంది. కంప కొట్టి దడికి లాక్కెళ్లిన రోడ్డు మీద పది రోజుల దాకా జాగ్రత్తగా ఉండాలి. హైవే అంచున నడిపేవాళ్లకు దీనికంటే చెడ్డది పేలిన లారీ టైర్ల నుంచి రాలే సన్నటి ఇనుప తీగ. వేలికి తగలదు, కంటికి ఆనదు. దూది, పట్టకారు ఈ రెండూ లేకుండా దాన్ని తీయలేం.

బొక్క ఎక్కడుందో వెతకడానికి ఒక సులువు ఉంది. టైరు ఎక్కించేటప్పుడు దాని మీద పేరున్న చోటు వాల్వ్‌కు ఎదురుగా వచ్చేట్టు పెట్టుకోవాలి. ట్యూబులో బొక్క వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో జానెడు మేరకు తేలిపోతుంది. ట్యూబు ఏ వైపు ఉన్నదో తెలియకపోతే రెండు పక్కలా చూడాలి, అంతే.

అంటుడు ప్యాచ్‌లు రెండూ ఒక అంచున లేచి ఉన్నాయి. తాత్కాలికంగా పర్వాలేదు కానీ, ఎండకు వేడెక్కిన టైరులో వాటి జిగురు మెత్తబడి జారుతుంది. గాలి తక్కువగా ఉన్న లావు టైరులో ట్యూబు అటూ ఇటూ కదులుతుంది కాబట్టి ఇంకా తొందరగా లేస్తాయి. సొల్యూషన్ ప్యాచ్ వేసే పద్ధతి అందరికీ తెలుసు. చెడగొట్టేది తొందర. గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, ప్యాచ్ కంటే వేలెడు ఎక్కువ మేర సొల్యూషన్ పలచగా పూసి మూడు నుంచి అయిదు నిమిషాలు వదిలేయాలి. వేలి వెనక భాగం తాకిస్తే అంటుకోకూడదు. తడి మీద పెట్టిన ప్యాచ్ వంద మీటర్లకే ఊడుతుంది.

ప్రెస్టా ట్యూబులో గాలి పోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి స్క్రూ డ్రైవర్‌తో టైరు ఎత్తినప్పుడు పడ్డ గాటు. రెండోది వాల్వ్ మొదట్లో. ప్రెస్టా కాడ 6 మిల్లీమీటర్లు, ష్రాడర్ రిమ్ బొక్క ఎనిమిదిన్నర. మధ్యలో ఖాళీ ఉండిపోయి కాడ వాలుతుంది, రిమ్ అంచు వాల్వ్ మొదలును కోస్తుంది. గాలి కొట్టకుండా చాలా దూరం తోసుకుని వచ్చారు కాబట్టి కోత ఇంకా పెద్దదయింది. పైగా 18-25 కొలత ట్యూబును 35 టైరులో ఊదితే పలచబడిపోతుంది. పంపు సరిపోయి ఉంటే కాసేపు నడిచేదేమో, నమ్ముకోదగ్గది మాత్రం కాదు.

బ్రేకులు ఆ రోజు ఇబ్బంది పెట్టలేదు. ఘాట్ దిగే పని ఆటోది అయింది కదా. ప్యాడ్లు చూస్తే వాటి మీది గాడులు దాదాపు చెరిగిపోయాయి, వెనక ప్యాడులో అల్యూమినియం పొట్టు రెండు చోట్ల దిగబడి ఉంది. ఆ ప్యాడ్లతో దిగుడు దిగితే రిమ్‌కు గీతలు, పట్టు తక్కువ.

సంచి మళ్లీ కట్టడం

మొదట చేసింది బండిని చదవడం. ప్రతి బోల్టుకూ ఏ కీ పడుతుందో కాగితం మీద రాసుకున్నాం. వెనక నట్టు 15. హ్యాండిల్ స్టెమ్, సీటు బిగింపు, బ్రేకు చేతులు 5, 6 ఆలెన్ కీలు (ఆరు పలకలవి). క్యారియర్ 4. డిరైలర్ హద్దు మరలకు స్టార్ స్క్రూ డ్రైవర్. ఇవి ఉన్న చిన్న మల్టీటూల్ 115 గ్రాములది చాలు. నాలుగు స్పానర్లూ, స్క్రూ డ్రైవర్ల డబ్బా, ప్లయర్ ఇంట్లోనే ఉండిపోయాయి. వాటి బదులు 15 నంబరు స్పానర్ ఒకటే, 120 గ్రాములది. మరీ పొట్టిది కొంటే చేతికి బలం చాలదు, ఆరు అంగుళాలైనా ఉండాలి.

తర్వాత దారిని చదవడం. పల్లెటూరి షాపులో సొల్యూషన్, పాత ట్యూబు కోసిన ప్యాచ్‌లు, 28, 26 అంగుళాల ట్యూబులు, స్పానర్లు, సుత్తి, గ్రీజు దొరుకుతాయి. ప్రెస్టా ట్యూబు, క్విక్ లింక్, వి-బ్రేకు ప్యాడ్లు, గేరు కేబుల్ దొరకవు. పాత సైకిల్ చెయిన్ క్లిప్ లింకు దొరికినా గేర్ల మధ్య దూరదు. కాబట్టి దొరకనివి బరువైనా మోయాలి, దొరికేవాటిలో తేలికైనవి మాత్రం చాలు.

ట్యూబులు రెండు, 700×35 కొలత, ష్రాడర్ వాల్వ్, దాదాపు 320 గ్రాములు. తలకోన వైపు ఒక ట్యూబుతో వెళ్లమని చెప్పలేం. పల్లేరు ఒక్క కాయతో ఆగదు. ట్యూబులను కొన్న డబ్బాలోంచి తీసి పాత సాక్స్‌లో చుట్టాలి, లేదంటే స్పానర్ అంచు రాసుకుని సంచిలోనే బొక్క పడుతుంది. సొల్యూషన్ ప్యాచ్‌లు ఎనిమిది, చిన్న సొల్యూషన్ ట్యూబు, గరుకు కాగితం. ప్లాస్టిక్ టైరు లివర్లు మూడు. రెండు మూతులకూ పట్టే పంపు, 200 గ్రాములు. దాంతో 35 టైరును 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)కి తేవాలంటే రెండు మూడు వందల దెబ్బలు కొట్టాలి, చేతులు పీకుతాయి. పెట్రోలు బంకు గాలి కూడా ష్రాడర్‌కు పడుతుంది, అయితే అక్కడి కుర్రాడు మోటారు సైకిల్ లెక్కన ముప్పై చిల్లర పెట్టి వదిలేస్తాడు. ఆ గాలితో గుంతలో పడితే రిమ్‌కూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ఈ బరువుకు వెనక 60 నుంచి 65, ముందు 55 ఉండాలి.

చెయిన్ బ్రేకర్, ఏడెనిమిది స్పీడ్ క్విక్ లింకులు రెండు జతలు. లింకులు కూడా చాలకపోతే చెయిన్‌ను ఒక పూర్తి లింకు పొట్టి చేసి కలపొచ్చు. అలా కలిపాక ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద పళ్లు రెండూ కలిసే గేరు వేయకూడదు, డిరైలర్ విరుగుతుంది. గేరు కేబుల్ ఒకటి, బ్రేకు కేబుల్ ఒకటి. వి-బ్రేకు ప్యాడ్లు ఒక జత. జిప్ టైలు ఆరు. పాత టైరు నుంచి కోసిన నాలుగు సెంటీమీటర్ల ముక్క, టైరు చీలితే లోపల అడ్డు పెట్టడానికి. ఇన్సులేషన్ టేపు పంపు చుట్టూ చుట్టేస్తే విడిగా చోటు అక్కర్లేదు. దూది, పట్టకారు, క్యారియర్ బోల్టులు రెండు, చిన్న సీసాలో నూనె. మొత్తం సంచితో సహా 1,250 గ్రాముల లోపే.

స్పోకులు ఎందుకు లేవని అడిగేవాళ్లుంటారు. వెనక చక్రంలో తెగేది ఎక్కువగా పళ్ల వైపు స్పోకే. అది మార్చాలంటే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఊడాలి, ఫ్రీవీల్ ఊడాలంటే దాని టూలూ పెద్ద స్పానరూ కావాలి. అంత మోసి ఒక స్పోకు వేయడం కంటే, తెగినదాన్ని పక్క స్పోకు చుట్టూ మెలిపెట్టి, వెనక బ్రేకు కేబుల్ కాస్త వదులు చేసి, ముందు బ్రేకు మీద మెల్లగా ఇంటికి రావడం తెలివైన పని. 36 స్పోకుల చక్రం ఒకటి పోయినా నిలబడుతుంది. ఘాట్ మధ్యలో తెగితే మాత్రం దిగుడు నడిచే దిగాలి.

పరీక్ష

కొత్త సంచిని నేరుగా రోడ్డు మీదికి పంపలేదు. బయట ఉన్న ఏ టూలూ ముట్టుకోకుండా సంచిలోవాటితోనే వెనక చక్రం ఊడదీసి, ట్యూబు మార్చి, 60 దాకా గాలి కొట్టి, తిరిగి బిగించాలని నియమం. విప్పే ముందు గేరును చిన్న పళ్ల మీదికి తేవాలి, చక్రం సులువుగా వస్తుంది. తర్వాత ఇరవై లింకుల తుక్కు చెయిన్ ముక్కను విరిచి, క్విక్ లింక్‌తో కలపాలి. బ్రేకు ప్యాడ్లు ఒక వైపు మార్చాలి. ఆ సైకిలిస్టుకు మొదటిసారి 48 నిమిషాలు పట్టింది, మూడోసారికి 22. మొదటిసారే ఒక తప్పు దొరికింది. కొన్న పంపు మూతిలో ప్రెస్టా వైపు రబ్బరు తిరగేసి ష్రాడర్ వైపుకు మార్చాలి, ఆ సంగతి కాగితంలో చదవకపోతే తోచదు. గాలి బదులు మూతి చుట్టూ బుస్సుమంది. రోడ్డు పక్కన నేర్చుకోవాల్సిన పాఠం కాదది.

గుంపు రైడ్‌ను బట్టి సంచిలోనూ కొన్ని మార్పులుంటాయి. ఆరుగురు కలిసి వెళ్తే చెయిన్ బ్రేకర్ రెండు, పంపులు మూడు చాలు. కేబుళ్లు పంచుకోవచ్చు. ట్యూబులు, క్విక్ లింకులు మాత్రం ఎవరి కొలతవి వాళ్ల దగ్గరే ఉండాలి. ఒకరి దగ్గర ప్రెస్టా బండి ఉంటే అయిదు గ్రాముల ఇత్తడి అడాప్టర్ ఒకటి ఎవరో ఒకరు జేబులో వేసుకోవాలి, బంకు గాలి పనికొస్తుంది. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు వైపు ఒక్కరే వెళ్తే ప్యాడ్లు రెండు జతలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తడి ఇసుక ప్యాడ్లను ఆకురాయిలా అరగదీస్తుంది, ఆ నెలల్లో బయలుదేరే ముందు గాడుల లోతు చూడకుండా వెళ్లకూడదు.

అదే బండి ఫిబ్రవరిలో తలకోన వెళ్లి తొక్కుకుంటూనే తిరిగొచ్చింది. దారిలో సంచి రెండుసార్లు విప్పారు. పల్లేరు వల్ల ట్యూబు ఒకసారి మార్చారు, బురద రెక్క ఊగితే జిప్ టై ఒకటి పడింది. మిగతావి విప్పకుండానే ఉన్నాయి. ఆ ట్యూబుకు ఇంట్లో సొల్యూషన్ ప్యాచ్ వేసి మళ్లీ సాక్స్‌లో చుట్టారు. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ కొన్ని నెలలకే గట్టిపడుతుంది, తిరుపతి ఎండలో ఇంకా ముందే. అందుకని సొల్యూషన్ ట్యూబు మీద మార్కర్‌తో ‘ఫిబ్రవరి’ అని రాసి ఉంది. మే నెలలో పిండి చూడాలి.